ఇంగ్లీషు తరగతిలో మన బిడ్డల మౌనము

(ధర్మపురిలో సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



“మా వాడు ఇంట గలగల మాటలాడును. ఇంగ్లీషు తరగతిలో మాత్రము నోరు విప్పడట. శ్రద్ధ లేదని అయ్యవారు చెప్పిరి. ఇక ఇంటిలో తెలుగు మానివేసి ఇంగ్లీషే మాటలాడుదుమా?” అని మన సభ్యులలో పలువురు నన్ను అడిగియున్నారు. చాలకాలము ఇంగ్లీషు బోధించినవాడను గనుక నన్ను అడుగుట సహజమే. ఈ ప్రశ్నలో రెండు నమ్మకములు పెనవైచుకొనియున్నవి. మౌనము అశ్రద్ధయే యనునది మొదటిది. తెలుగు మానినచో ఇంగ్లీషు వచ్చుననునది రెండవది. రెండును సరికావని నా యభిప్రాయము.

మన బిడ్డ ఎట్టి స్థితిలో బడికి వచ్చుచున్నాడో మొదట చూతము. 1965లో సేలము నుండి ధర్మపురి జిల్లాయు, 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి జిల్లాయు విడివడినవి. పటముపై గీతలు మారినను ఇంటి మాట మారలేదు. వాడు అవ్వతో తెలుగు, అంగడివానితో తమిళము మాటలాడును. హోసూరు వైపు బంధువులున్నచో కన్నడమును కొంత పట్టును. 1968 నుండి మన రాష్ట్రమున సాగుచున్న ద్విభాషా విధానముచే తమిళ మాధ్యమపు బడిలో వాని తల్లిభాషకు సాధారణముగ చోటు లేదు. ఇంగ్లీషు వానికి మూడవ భాషయో, నాలుగవదో అగుచున్నది. ఎవరును నేర్పకుండగనే ఐదేండ్లకు రెండు భాషలు పట్టిన బిడ్డకు భాషలు నేర్చు శక్తి లేదనుట ఎట్లు?

మరి మౌనమెందుకు? పెద్దలు మాటలాడునపుడు బిడ్డలు వినవలెనని మనమే నేర్పితిమి. అయ్యవారిని ప్రశ్నించుట, ఆయన చెప్పినది చాలలేదనుటతో సమానమని వాడు తలచును. అందరు కలసి ఒక్క గొంతుతో చెప్పుమన్నచో తరగతి మారుమ్రోగును. ఒక్కని లేపి అడిగినచో తల వంచుకొని నిలుచుండును. తల వంచుట మన దృష్టిలో వినయము. బిడ్డ కన్నులలోనికి చూచి బదులు చెప్పవలెనని కోరు దేశమున శిక్షణ పొందిన ఉపాధ్యాయునికి అదియే మందబుద్ధిగ తోచును. అమెరికా నుండి సెలవులకు వచ్చిన మన మనుమడు తాతగారిని “ఎందుకు?” అని నిలదీసినచో మనము ముఖము చిట్లింతుము. ఆ మనుమడే అచ్చటి ఆదివారపు తెలుగు తరగతిలో నోరు మెదపడు. మౌనము భాషను బట్టి కాక, నవ్వుల పాలగుదుమను భయమును బట్టి వచ్చుచున్నది.

ఇంగ్లీషులో ‘యు’ అని చిన్న మాట కలదు. నీవు, మీరు అను భేదము దానికి లేదు. మన బిడ్డ అయ్యవారిని ‘నీవు’ అని ఎన్నడును అనలేదు గనుక ‘యు’ అన్నంతనే వాని చెవికి ‘నీవు’ అనియే వినబడును. అందుచే “వేర్ ఆర్ యు గోయింగ్” అనుటకు జంకి, “వేర్ ఈజ్ సార్ గోయింగ్” అనును. వ్యాకరణము మాట యెట్లున్నను మర్యాదలో లోపము లేదు. మరియొకటి: సెలవు తీసికొనునప్పుడు ‘పోతాను’ అనుట మన యిండ్లలో అశుభము, ‘పోయి వస్తాను’ అనవలెను. తమిళుల యిండ్లలోను అంతే. ఆ బిడ్డ సాయంకాలము ఇంటికి పోవుచు “ఐ విల్ కమ్, సార్” అనును. క్రొత్తగ వచ్చిన ఇంగ్లీషువాడైనచో వీడు ఎప్పుడు తిరిగి వచ్చునా యని దీపములు పెట్టువరకు కూర్చుండును! ఇక ‘ప్లీజ్’, ‘థాంక్యూ’ల సంగతి. మనము ‘ఇవ్వండి’ అన్నపుడు ఆ ‘అండి’లోనే ప్రార్థన ఇమిడియున్నది. అన్నము పెట్టిన తల్లికి కృతజ్ఞత చెప్పు ఆచారము మనకు లేదు. చెప్పినచో ఆమె నొచ్చుకొనును. కనుక వాడు “గివ్ మి ద బుక్” అని ఊరకుండును. తన మనసులోని ‘అండి’ని ఇంగ్లీషులో ఎచ్చట ఉంచవలెనో వానికి ఎవ్వరును చెప్పలేదు. అది నేర్పవలసిన పాఠము; దండింపవలసిన తప్పు కాదు.

తెలుగు బిడ్డలు ఇట్టివారు, తమిళ బిడ్డలు అట్టివారు అను విభజన నాకు రుచింపదు. నేను చూచినంతలో ఈ విషయమున వీరి నడుమ భేదము స్వల్పము. ఇంట దినపత్రిక చదువు తండ్రి కల బిడ్డకును, తన వంశమున మొదటిసారి బడి మెట్లెక్కిన బిడ్డకును నడుమ భేదమే పెద్దది. మొదటివాని తప్పును ఇంట దిద్దువారుందురు. రెండవవాని తప్పు పదిమంది నవ్వుతోనే ముగియును. సంస్కృతీభేదమని మనము పేరు పెట్టునది పెక్కుమార్లు ఇదియే.

ఇక ఆసక్తి మాట. కెనడాలోని మాంట్రియల్ నగరమున ఫ్రెంచి నేర్చు ఇంగ్లీషు విద్యార్థులను గార్డ్‌నర్, లాంబర్ట్ అను మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు పరిశీలించి 1959లో తమ నిర్ణయము ప్రకటించిరి. ప్రయోజనము కొరకు నేర్చువారికంటె, ఆ భాషవారితో కలసిమెలసి యుండగోరి నేర్చువారు బాగుగ నేర్తురట. ధర్మపురిలో కలసిమెలసి యుండుటకు ఇంగ్లీషువారెక్కడ? 1972లో యాస్మీన్ లుక్మానీ బొంబాయిలో మరాఠీ మాతృభాషగా గల ఉన్నత పాఠశాల విద్యార్థినులను పరిశీలింపగా ఫలితము తారుమారయ్యెను. ప్రయోజనము కోరినవారే ముందుండిరి. కావున బెంగుళూరులో పని దొరకవలెనని ఇంగ్లీషు నేర్చు బిడ్డను తక్కువగ చూడరాదు. సి. పి. బ్రౌను 1817లో మద్రాసునకు వచ్చి తెలుగు పట్టినది కంపెనీ కొలువున పరీక్ష నెగ్గుటకే. ప్రేమ తరువాత కలిగెను. 1829లో అచ్చయిన వేమన పద్యములును, 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ఆ ప్రేమకు ఫలములు.

అయినను పదేండ్ల తరువాతి ఉద్యోగము పదునొకండేండ్ల బాలుని నేటి పాఠమునకు కదల్చజాలదు. ఇచ్చట ఎన్. ఎస్. ప్రభుగారి కృషి మనకు అక్కరకు వచ్చును. 1979 మొదలు 1984 వరకు బెంగుళూరు, మద్రాసు, కడలూరు మొదలగు చోట్ల సామాన్య పాఠశాలలలోనే ఆయన ఒక ప్రయోగము నడపిరి. వ్యాకరణ సూత్రములు వల్లింపక, రైలు కాలపట్టిక, ఊరి పటము వంటివి బిడ్డల ముందుంచి లెక్క తేల్చుమనిరి. బిడ్డ దృష్టి భాషపై కాక పనిపై నిలుచును. మాటలాడుమను నిర్బంధము లేదు. గ్రహించుట ముందు, పలుకుట వెనుక. మౌనమును నేరముగ కాక నేర్చుకొనుటలో ఒక దశగ చూచిన పద్ధతి యిది. మన అయ్యవారలు దీనిని మరచుట విచారకరము.

తెలుగు మానివేయు మాటకు వత్తును. తల్లిదండ్రులకే పట్టుబడని ఇంగ్లీషు ఇంట మాటలాడినచో బిడ్డకు చిక్కునది పది ఆజ్ఞావాక్యములు: కమ్, గో, సిట్, ఈట్. కథ పోవును, సామెత పోవును, అవ్వతో తగవును పోవును. అర్థము చేసికొను శక్తి తల్లిభాషలో బలపడినచోటనే పరభాష నిలుచును. బోధన తల్లిభాషలో మొదలిడవలెనని ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయగు యునెస్కో 1953లోనే చెప్పెను. మన రాజ్యాంగమున 1956లో చేర్చిన 350–ఎ అధికరణమును ప్రాథమిక దశలో అట్టి వసతిని కోరుచున్నది. మరియొక చిన్న లాభము: తమిళ లిపిలో ప, బలకు ఒకే యక్షరము, తెలుగు వ్రాయ నేర్చిన బిడ్డకు ‘పిగ్’, ‘బిగ్’ అను మాటల భేదము చేతిలోనే యుండును. ‘బుక్కు’, ‘పెన్ను’ అని చివర ఉకారము తగిలించుట మాత్రము మెల్లగ దిద్దవలసినదే.

ఐదు అభ్యాసములను కాగితముపై వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చియున్నాను. మొదటిది మన బస్టాండులోని కాలపట్టిక. సేలమునకు మొదటి బస్సు ఏది, మధ్యాహ్నము హోసూరు చేరుటకు ఏ బస్సు ఎక్కవలెను అని ప్రశ్నలు ఇంగ్లీషులో నుండును. బిడ్డలు తమలో తాము తెలుగులో తర్కించుకొనవచ్చును. బదులు ఒక అంకెయైనను చాలును. శనివారము సాయంకాలము ఒక గంట, ఎనమండుగురికి మించని గుంపు, కూర్చుండుటకు ఒక తిన్నె కావలెను. తిన్నె ఇయ్యగలవారు సభ ముగియులోపల తమ పేరు కార్యదర్శిగారికి తెలుపుదురు గాక.