పాదశస్త్రచికిత్సలో లోహపు స్టేపిల్
(పాఠశాల వార్షికోత్సవసభలో చేసిన ప్రసంగపాఠము)



తలుపుగొళ్ళెము తగిలించు కొండిని మీరందరును చూచియే యుందురు. రెండు కాళ్ళుగల ఆ కమ్మివంటిదే శస్త్రవైద్యులు ఎముకలలో దింపెడు స్టేపిల్. పాదమున చెడిపోయిన కీలును తొలగించి రెండెముకలను ఒకటిగా అతుకవలసి వచ్చినపుడు, దాని యొక కాలు ఈ యెముకలోను, రెండవ కాలు ఆ యెముకలోను నిలుపుదురు. అతుకు గట్టిపడువరకు కదలనీయకుండుట దాని పని.

మన అణైకట్టు ప్రాంతీయులకు ఇది దూరపు విషయము కాదు. 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠరోగుల కాలుసేతులు శిథిలమగుటకు ముఖ్యహేతువు స్పర్శజ్ఞానము నశించుటయేయని గ్రహించెను. నొప్పి తెలియనివాడు పుండుమీదనే నడచును గదా! ఆ రోగుల కొరకే 1955లో కాట్పాడి చెంత కరిగిరిలో పరిశోధనాకేంద్రము వెలసినది. చాలకాలము మధుమేహమున్నవారి పాదములకును ఇట్టి తిమ్మిరి కలుగుచున్నది.

ఇక లోహపు సంగతి. సాధారణపు ఉక్కు స్టేపిల్ ఎముకలను పట్టియుంచును, దగ్గరకు లాగదు. 1960 ప్రాంతమున అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ కనుగొనిన నికెల్, టైటేనియముల మిశ్రలోహము, అనగా నిటినాల్, వేరు స్వభావము కలది. వంచినను తన పూర్వరూపమును మరువదు. కాళ్ళను విప్పార్చి ఎముకలో దించి వదలినచో అవి లోనికి ముడుచుకొనజూచును; అట్టి వానిలో కొన్ని శరీరపు వేడిమికే ముడుచుకొనును. అతుకు నడుమ ఎముక కొంచెము అరిగినను ఆ లాగుడు వెంటనే ఆగిపోదు. ఇది గొప్ప గుణమే.

అయినను ఒక చిక్కు కలదు. స్టేపిల్‌ను సాధారణముగా పాదము పైభాగముననే బిగింతురు. అరికాలివైపు నరములు, స్నాయువులు అడ్డువచ్చును. బరువు మోపినపుడు పాదపు వంపు సాగి, అతుకు అడుగువైపున నోరు తెరచును. పైనున్న కొండి అడుగు నెట్లు మూయగలదు? బరువు తొలగినంతట నిటినాల్ తిరిగి చాలవరకు మూయును. ఉక్కుపట్టీ ఒకసారి వంగెనా, వంగియే యుండును. అందుచే పైన నొకటి, దానికి లంబముగా ప్రక్కన మరియొకటి పెట్టుట మేలని నా యభిప్రాయము.

స్పర్శలేని పాదమున ఈ లెక్క మరింత కఠినము. ఇతరులను నొప్పియే ఆపును. ఆ రోగిని ఆపునది లేదు. కావున పిండికట్టు మామూలుకంటె ఎక్కువకాల ముంచి, రోగి “నాకు బాగున్నది” అనుమాటను గాక ఎక్స్‌రే చిత్రమును చూచి, అతుకు గట్టిపడెనని తేలిన పిదపనే నడువనిత్తురు.