విడాకులు: పెద్దమనుషుల కాగితం, కోర్టు డిక్రీ



మన సరిహద్దు ఊళ్ళలో పెళ్ళి సంబంధాలకు రాష్ట్రాల గీతలు అడ్డం రావు. బళ్ళారి పిల్లను ఆదోనికి ఇస్తాం. హోసూరు వాళ్ళు కుప్పంతో వియ్యమందుతారు. పర్లాకిమిడికి పాతపట్నం నుంచి కోడళ్ళు వస్తారు. కాపురం సజావుగా సాగినన్నాళ్ళూ సరిహద్దు ఎవరికీ గుర్తుకురాదు. అది చెడినప్పుడే ఏ కోర్టుకు పోవాలి, ఎవరిని అడగాలి అన్న సందేహాలు మొదలవుతాయి. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం అలాంటి కొన్ని సందేహాలకు సమాధానాలు చెప్పుకుందాం. ముస్లిములకు, క్రైస్తవులకు వేరే చట్టాలున్నాయి. షెడ్యూల్డు తెగలకు సాధారణంగా ఈ చట్టం వర్తించదు.

మొదటి సందేహం. పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు కాగితం మీద ఇద్దరి చేత సంతకాలు పెట్టించారు. అది విడాకులేనా? చాలామంది అవుననే అనుకుంటారు. అది పొరపాటు. ఆ కాగితాన్ని నోటరీ చేయించినా వివాహం రద్దు కాదు. కొన్ని కులాల్లో తరతరాలుగా వస్తున్న విడాకుల ఆచారాన్ని చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఆ ఆచారం ఉన్నదని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. రుజువు కాకపోతే ఆ కాగితానికి విలువ లేదు. దాన్ని నమ్మి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు. మొదటి భార్యగానీ భర్తగానీ ఫిర్యాదు చేస్తే ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. రెండో పెళ్ళి చేసుకున్న అమ్మాయికి భార్య హోదా దక్కదు. ఆమెకు పుట్టిన పిల్లల్ని మాత్రం చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది.

రెండో సందేహం. ఇద్దరికీ ఇష్టమైతే ఎంతకాలం పడుతుంది? కనీసం ఏడాదిగా విడిగా ఉంటే, ఇద్దరూ కలిసి అర్జీ వేయవచ్చు. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపల ఇద్దరూ మళ్ళీ కోర్టుకు వచ్చి అదే మాట చెప్పాలి. రాజీకి ఏ మాత్రం అవకాశం లేదని తేలితే, ఆ ఆరు నెలల గడువును కోర్టు మినహాయించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఈలోగా ఒకరు మనసు మార్చుకుంటే ఈ పద్ధతిలో విడాకులు రావు.

మరి ఒకరు ఒప్పుకోకపోతే? అప్పుడు కారణం చూపి, రుజువు చేయాలి. క్రూరత్వం, పరాయివారితో సంబంధం, రెండేళ్ళపాటు విడిచిపెట్టి పోవడం, ఏడేళ్ళుగా అయిపు లేకపోవడం వంటివి ఆ కారణాలు. పెళ్ళయిన ఏడాదిలోపు మాత్రం, భరించరాని కష్టముంటే తప్ప అర్జీ తీసుకోరు.

ఇక మనకు ముఖ్యమైన సందేహం. ఏ ఊరి కోర్టు? ఒక ఉదాహరణ చెబుతాను. బళ్ళారి అమ్మాయికి ఆదోనిలో పెళ్ళయింది, కాపురమూ అక్కడే. ఇప్పుడు పుట్టింట్లో ఉంటున్నది. పెళ్ళి జరిగిన చోటగానీ, చివరిసారి కలిసి కాపురమున్న చోటగానీ, ఎదుటివారు ఉంటున్న చోటగానీ అర్జీ వేయవచ్చు. వీటికి తోడు, భార్య తాను ఉంటున్న చోటే వేసుకునే వీలు 2003 సవరణతో వచ్చింది. కనుక ఆమె బళ్ళారిలోనే వేసుకోవచ్చు. భర్తే ముందుగా ఆదోనిలో వేస్తే, ఆ కేసును బళ్ళారికి మార్చమని సుప్రీంకోర్టును కోరవచ్చు. రెండు రాష్ట్రాల నడుమ కేసు మార్చే అధికారం ఆ కోర్టుదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన నోటీసు మీకు చదవరాని భాషలో ఉండవచ్చు. అర్థం కాలేదని గూట్లో పడేయకండి. వాయిదాకు హాజరు కాకపోతే మీ మాట వినకుండానే తీర్పు రావచ్చు. తెలిసినవారి చేత ఆ రోజే చదివించుకోండి, వాయిదా తేదీ రాసిపెట్టుకోండి.

జరుగుబాటు సంగతేమిటి? కేసు నడుస్తుండగానే, సొంత ఆదాయం చాలనివారు మధ్యకాల భరణమూ కోర్టు ఖర్చులూ అడగవచ్చు. స్త్రీధనం, అంటే పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన నగలు, సామాను, ఆమె సొత్తే. వాటి జాబితా, రసీదులు, పెళ్ళి ఫోటోలు భద్రపరచుకోవాలి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది వారి క్షేమాన్ని బట్టి కోర్టు నిర్ణయిస్తుంది.

వకీలుకు ఇచ్చుకునే స్తోమత లేదని వెనుకాడవద్దు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. మీ తాలూకా కోర్టులోని న్యాయసేవల కమిటీలోగానీ, జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలోగానీ అడగండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా సరే.

డిక్రీ చేతికి వచ్చాక కూడా, అప్పీలు గడువు ముగిసిందని వకీలును అడిగి తెలుసుకున్నాకే మరో సంబంధం చూడండి.

పెద్దమనుషులు అవసరం లేదని నేననడం లేదు. చెడిన కాపురాన్ని అతికించడానికి వారి మాట ఎంతో అవసరం. తెంచవలసి వస్తే మాత్రం ఆ పని కోర్టులో జరగాలి. రేపు మీ బిడ్డకు మరో సంబంధం వచ్చి, పాత పెళ్ళి ఏమయిందని వారు అడిగితే, చూపడానికి చేతిలో డిక్రీ ఉండాలి.