మెత్తదనం వేరు, అదుపు వేరు
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నడుము నొప్పి గురించి డాక్టరుగారు మాట్లాడిన తరువాత బండి గురించి నన్ను మాట్లాడమన్నారు మన కార్యదర్శిగారు. ఉద్యోగ జీవితమంతా బస్సు డిపో గ్యారేజీలో గడిపినవాణ్ణి కనుక ఒప్పుకున్నాను. పైగా ఈ రెండు విషయాలకూ దగ్గర సంబంధం ఉంది. మనలో చాలామందిమి ఇప్పుడు సొంతంగా కారు నడపడం లేదు. కొడుకో, అల్లుడో, మనవడో నడుపుతుంటే వెనక సీట్లో కూర్చుంటున్నాం. "కుదుపులు తట్టుకోలేకపోతున్నాను, బండిని కాస్త మెత్తగా చేయించరా అబ్బాయ్" అంటాం. అబ్బాయి ఆ మాటే మెకానిక్కుకు చెబుతాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

కారు కింద రెండు వస్తువులు కలిసి పనిచేస్తాయి. మొదటిది స్ప్రింగు, లేదా కమాన్ కట్ట. అది బరువు మోస్తుంది, గోతిలో పడితే దెబ్బను తాను మింగుతుంది. కానీ మింగినదాన్ని దాచుకోలేదు, తిరిగి పైకి తంతుంది. ఆ తన్నును అణచేది రెండవది, షాక్ అబ్జార్బర్. దాని లోపల నూనె, ఆ నూనెలో చిన్న రంధ్రాలున్న పిస్టను ఉంటాయి. పిస్టను కదిలినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల గుండా బలవంతంగా దూరాలి. ఊగే శక్తి అక్కడ వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలా దూరం నడిచిన బండికి షాక్ అబ్జార్బర్ వెచ్చబడేది అందుకే. ఊపును ఇలా అణచడాన్నే డాంపింగ్ అంటారు.

షాక్ అబ్జార్బర్లు అరిగిపోతే బండి మెత్తగా, ఉయ్యాలలా ఉంటుంది. వెనక కూర్చున్నవారికి మొదట్లో అది హాయిగానే తోస్తుంది. కానీ చక్రం రోడ్డును సరిగా అంటిపెట్టుకోదు, ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసి ప్రయోజనమేమిటి? మలుపులో స్టీరింగు తిప్పి ప్రయోజనమేమిటి? వానరోజున హైవే మీద లారీ వెనక వెళుతున్నప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక ముందు, వెనకల సంగతి. ముందు చక్రం గోతిలో పడ్డ కొద్దిసేపటికి వెనక చక్రం అదే గోతిలో పడుతుంది. మారుతి 800 కారులో ఈ రెండు చక్రాల మధ్య దూరం 2,175 మిల్లీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే ఆ వ్యవధి సెకనులో ఎనిమిదో వంతు. ముందు భాగం పైకి లేచే సమయానికి వెనక భాగం కిందికి దిగితే కారు పడవలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నడుముకు, మెడకు ఎక్కువ బాధ ఈ ఊపువల్లనే. 1930ల మొదట్లో అమెరికాలో కాడిలాక్ కంపెనీలో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు దీన్ని శ్రద్ధగా పరీక్షించారు. వెనక స్ప్రింగులు ముందువాటికన్నా కాస్త త్వరగా ఊగేటట్లు అమర్చితే వెనక భాగం ముందు భాగాన్ని అందుకుంటుందని, కారు సమంగా కదులుతుందని ఆయన చూపించారు. కనుక ముందు, వెనకలను ఒక జోడీగా చూడాలి. ఒకవైపే మార్చి ఊరుకోకూడదు.

మన ఇళ్లలోని మామూలు కార్లలో చాలావాటికి షాక్ అబ్జార్బర్లు తిప్పి సరిచేసే రకం కావు. అరిగితే మార్చడమే. కొందరు కుర్రవాళ్లు మాత్రం క్లిక్కు క్లిక్కుమని తిరిగే నాబ్ ఉన్నవి కొని బిగిస్తున్నారు. అటువంటివారికి నాలుగు మాటలు.

ఒకటి: ముందు టైర్లలో గాలి సరిచూసుకోవాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

రెండు: కుడి ఎడమలు ఎప్పుడూ సమానంగా ఉండాలి. మొదట ఎన్ని క్లిక్కుల మీద ఉందో పుస్తకంలో రాసుకొని, ముందు జతనో వెనక జతనో ఒక్కదాన్నే ఒకటి రెండు క్లిక్కులు మార్చి, అదే రోడ్డు మీద, అదే వేగంతో, అంతమందినే ఎక్కించుకొని నడిపి చూడాలి.

మూడు: స్పీడు బ్రేకరు దాటాక బండి రెండు మూడుసార్లు ఊగితే డాంపింగ్ చాలలేదని అర్థం, పెంచాలి. చిన్న రాయికి కూడా గడగడలాడితే ఎక్కువైందని అర్థం, తగ్గించాలి.

నాలుగు: నలుగురు ఎక్కి, సామాను పెడితే వెనక భాగం కుంగిపోతోందా? అది స్ప్రింగు లోపమో, అధిక బరువో. నాబ్ తిప్పితే అది పోదు.

నాబ్ లేని బండ్లకు గుర్తులు ఇవి: షాక్ అబ్జార్బర్ ఒంటిమీద నూనె కారిన చార, టైరు అక్కడక్కడ గుంటలుగా అరగడం, బ్రేకు వేస్తే ముందు భాగం దభాలున వంగడం. ఇవి కనిపిస్తే నమ్మకమైన మెకానిక్కుకు చూపించి, జతగా మార్పించాలి. ఒకటి మార్చి రెండోది వదిలేయడం పొదుపు కాదు.

చివరిగా బస్సు ప్రయాణం చేసేవారికి ఒక మాట. వెనక చక్రాల మీద, వాటి వెనక ఉన్న సీట్లలో ఎగురుడు ఎక్కువ. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ ఉన్న సీట్లలో తక్కువ. ఖాళీ ఉంటే అక్కడే కూర్చోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కనుక ఇకమీదట అబ్బాయితో "మెత్తగా చేయించరా" అనకండి. "షాక్ అబ్జార్బర్లు చూపించరా" అనండి. మన నడుముకూ మేలు, స్టీరింగు పట్టుకున్న మనవడికీ మేలు.