జీడిపండుకూ ఒక చట్టం, ఒక ప్రయోగశాల

ఉత్తరాంధ్ర పంటల మీద పరిశోధకులు, రైతులు, అధికారులు ఒకచోట చేరిన ఈ సదస్సుకు అధ్యక్షత వహించమన్నందుకు కృతజ్ఞుణ్ణి. మనం లెక్కలోకి తీసుకోని ఒక పంట గురించి నాలుగు మాటలు చెబుతాను.

వేసవిలో ఉద్దానంలోని పలాస, వజ్రపుకొత్తూరు, మందస తోటల్లో పిక్క ఏరుకున్నాక జీడిపండు చాలావరకు చెట్టు కిందే కుళ్లిపోతుంది. సీతంపేట, పార్వతీపురం కొండల్లోని గిరిజనుల తోటల్లోనూ అంతే. పండు పిక్క కంటే కనీసం 5 రెట్లు తూగుతుంది. అంటే 80 కిలోల పిక్కల బస్తా బజారుకెక్కే సరికి 400 కిలోల పండు కాస్తుంది. నారింజను మించి సి విటమిన్ ఉన్న పండది. తొందరగా చెడిపోవడం, వగరు దానికున్న లోపాలు.

వగరుకు విరుగుడు ఉంది. రసంలో సగ్గుబియ్యం గంజి కలిపితే టానిన్ అడుగుకు దిగుతుంది. ఆ రసాన్ని పులియబెడితే వైన్ అవుతుంది, మరికొంత ముందుకు తీసుకెళితే వెనిగర్ అవుతుంది. గోవా అదే పండుతో చేసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది.

మరి మనకు అడ్డేమిటి? మత్తు పానీయాలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోనివి, కాబట్టి చట్టం రాష్ట్రం చేతిలోనే ఉంది. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష విధానం తెచ్చి, తమ రాష్ట్రపు వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది. కేరళ 2022లో పండ్ల వైన్ తయారీకి చిన్న యూనిట్ల నిబంధనలు తెచ్చింది. మన దగ్గర ఎక్సైజ్ శాఖ ఖజానాను చూస్తుంది, జీడి పరిశోధన ఎక్కువగా పిక్క దిగుబడిని చూస్తుంది. పండును చూసేవారు లేరు.

వైన్ మాట అంటున్నప్పుడు సారా మీద పోరాడిన దూబగుంట తల్లులను మరవలేను. వారి పోరాటంతోనే 1995లో మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలినా వారి కోపంలోని న్యాయం సడలలేదు. మద్యనిషేధం కోరే రాజ్యాంగం 47వ అధికరణం చెప్పేదీ ఆ న్యాయమే. అందుకే ఊళ్లో మరో మందు దుకాణం పెట్టమని నేను అడగను. మొదట రసం, వెనిగర్ నిలదొక్కుకోవాలి. వైన్ ఆ తరువాతి మాట. అదీ రైతు సహకార సంఘాలకే, ఊళ్లో చిల్లర అమ్మకం లేని చిన్న లైసెన్సుతో.

ఇక పరిశోధన నిధులు. మద్యం రాబడిలో కొంత వాటాను చట్టంలోనే నిర్దేశించి ఉద్యాన విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి. పెత్తనం మాత్రం శాస్త్రవేత్తలదే కావాలి. డబ్బిచ్చిన శాఖ ఫలితాన్ని శాసించకూడదు. ప్రయోగాలు ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో, రైతుల కళ్లముందే జరగాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను పడగొట్టింది. మళ్లీ నాటుకున్న రైతుకు పిక్క ధర పడిపోయిన ఏడాది పట్టుకోవడానికి రెండో ఆధారం కావాలి. ఈ సదస్సు ముగిసేలోగా ఈ కోరికలను తీర్మానంగా రాసి ప్రభుత్వానికి పంపుదాం. తొలి సంతకం నేను చేస్తాను.