'సొంత పని' ఎవరిది?

(ఉద్యోగినుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



"ఆడవాళ్ళు ఆఫీసుకొచ్చి సొంత పనులు చక్కబెట్టుకుంటారు" అనే మాట మనందరం వినే ఉంటాం. ఇరవై ఏడేళ్ళుగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్న నేనూ వింటూనే ఉన్నాను. ఇంతవరకూ ఈ మాటకు తల దించుకున్నాం, లేదా "మేమలా చెయ్యం" అని వాదించాం. ఇవాళ అసలు ఆ 'సొంత పని' ఏమిటో చూద్దాం.

మా సెక్షన్‌లో ఆడవాళ్ళం కూర్చుని ఒక జాబితా రాశాం. పిల్లాడికి జ్వరం, వచ్చి తీసుకెళ్ళమని బడి నుంచి ఫోను. అత్తగారిని కంటి డాక్టరుకు చూపించడం. గ్యాసు బండ వచ్చేవేళకు ఇంట్లో ఎవరుంటారో కనుక్కోవడం. పిల్లల ఫీజు కట్టడం. రేషన్ కార్డులో పేరు సరిచేయించడం. వీటిలో ఆమె సొంతమైనది ఏది? పిల్లాడికి తండ్రి ఉన్నాడు. అత్తగారికి కొడుకున్నాడు. బడిలో తండ్రి నంబరు కూడా ఇచ్చారు. అయినా ఫోను తల్లికే వస్తుంది. కుటుంబం మొత్తానికి చెందిన పనికి 'సొంత పని' అని పేరుపెట్టి ఆమె ఖాతాలో రాశారు.

మగవాళ్ళ జాబితా కూడా రాశాం. టీ కొట్టు, సిగరెట్టు, స్థలాల బేరం, చీటీ డబ్బుల వసూలు, క్రికెట్ స్కోరు. ఇవెవరూ లెక్కపెట్టరు. అతను సీట్లో లేకపోతే "ఇప్పుడే బయటికెళ్ళాడు, వచ్చేస్తాడు" అంటారు. ఆమె లేకపోతే "ఇంటికెళ్ళిపోయినట్టుంది" అంటారు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్ళలో తేడా తగ్గింది ఒక్క నిమిషం! పిల్లల, వృద్ధుల సంరక్షణ ఈ లెక్కలో లేదు, అది వేరు.

చట్టం ఈ సంగతిని కొంత గుర్తించింది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు 1961 ప్రసూతి సౌకర్యాల చట్టంలోనే ఉన్నాయి. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చనీ 2017 సవరణ చెప్పింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇవి ఉన్నాయి. మీరు పనిచేసే చోట ఆ కేంద్రం ఉందా? ఇక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు 2008లో వచ్చింది. 2018లో దాన్ని ఒంటరి తండ్రులకు కూడా ఇచ్చారు. అంటే భార్య ఉన్న మగవాడికి పిల్లల్ని చూసే పని లేదని ప్రభుత్వమే అన్నట్టు కాదా?

"మా సార్ మంచివారు, అడిగితే పంపిస్తారు" అని కొందరు తృప్తిపడతారు. దయగా దొరికిన గంటకు ఎప్పుడో ఒకప్పుడు బదులు అడుగుతారు. ఇలాగే పర్మిషన్లు ఇచ్చిన ఒక అధికారి తర్వాత మా సహోద్యోగినిని రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చోబెట్టేవాడు. వెకిలి మాటలు అనేవాడు. "ఆయన నాకు ఉపకారం చేశాడు కదా" అని ఆమె చాలాకాలం నోరు విప్పలేదు. కాంట్రాక్టు మీద పనిచేసే స్త్రీకి ఆ దయ కూడా లేదు. ఆమెకు ఒక పూట సెలవంటే కూలి కోత, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది.

ఇంకో స్త్రీని కూడా మరవకూడదు. వితంతు పింఛను కోసం కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చి మన సీటు ముందు నిలబడిన స్త్రీ. మన సీటు ఖాళీగా ఉంటే ఆమె రోజు వృథా. కాబట్టి చాటుగా వెళ్ళే పద్ధతి మనకు వద్దు. మనం వెళ్ళినప్పుడు ఆ పని చూసే మనిషి ఉండే ఏర్పాటు కావాలి.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. అత్యవసర పనులకు నెలకు ఇన్ని గంటలని రాతపూర్వకమైన నియమం ఉండాలి. అది స్త్రీ పురుషులిద్దరికీ వర్తించాలి, లేకపోతే ఇంటిపని మళ్ళీ మన మీదే పడుతుంది. కాంట్రాక్టు ఉద్యోగులకూ వర్తించాలి. శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టాలి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులు ముందు తమ కార్యాలయాల్లోనే ఇది అమలు చేయాలి.

ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటుంది. రేపు బడికి వెళ్ళి, మొదటి ఫోను నంబరుగా పిల్లల తండ్రి నంబరు రాయించండి.