పరీక్ష అయిందా అని అడుగుదాం, ఫలితం అడగొద్దు



పొదుపు, అప్పు, వడ్డీ గురించి ప్రతి నెలా మాట్లాడుకుంటాం. ఈరోజు మేము పిలకాయలకు వచ్చే హెచ్‌ఐవీ గురించి నాలుగు మాటలు చెప్తాం.

బిడ్డకు ఈ జబ్బు ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది. కడుపులో ఉన్నప్పుడు, కాన్పప్పుడు, పాలు తాగేటప్పుడు. మందు లేకపోతే నూరు మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకవచ్చు. తల్లి మాత్రలు తప్పకుండా మింగితే 5 మందికి కూడా రాదు. క్యూబా 2015లో, థాయిలాండ్ 2016లో దీన్ని దాదాపు ఆపేశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. కడుపుతో ఉన్నవాళ్లందరికీ పరీక్ష, అవసరమైనవాళ్లకు మందు, వాళ్లు చేసింది ఇదే. ఆ రెండూ మన సర్కారు ఆస్పత్రుల్లోనూ ఉచితమే. తిరుపతి రుయా ఆస్పత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది.

మరి ఎక్కడ తప్పిపోతోంది? మన పక్క తొలి కాన్పు పుట్టింట్లో కదా. పరీక్ష అత్తగారి ఊళ్లో, పురుడు అమ్మగారి ఊళ్లో. సిగ్గుతో, భయంతో ఆ పిల్ల చీటీ దాచేస్తుంది. బిడ్డకు పుట్టిన వెంటనే సిరప్ మొదలుపెట్టాలి. 6 వారాలకు రక్త పరీక్ష, 18 నెలలకు ఆఖరి పరీక్ష చేయించాలి. రెండు ఊళ్ల నడుమ ఇవన్నీ జారిపోతాయి.

ఆ భయం పెట్టింది ఎవరో కాదు, మనమే. మా సంఘంలో ఒక చెల్లెలి గురించి పుకారు పుడితే మేమూ దూరంగా కూర్చున్నాం. ఆమె మీటింగుకు రావడం మానేసింది. ఆమె బిడ్డ పక్కన మా బిడ్డల్ని కూర్చోనియ్యలేదు. కలిసి తింటే, ఆడుకుంటే ఈ జబ్బు రాదని తెలిసీ చేశాం. తర్వాత వాళ్లింటికి పోయి తప్పయిందని చెప్పి పిలుచుకొచ్చాం. ఆ బిడ్డ ఇప్పుడు రోజూ మందు వేసుకుని బడికి పోతోంది. హెచ్‌ఐవీ ఉందని బడిలో చేర్చుకోకపోవడం, ఒప్పుకోలు లేకుండా బయటికి చెప్పడం 2017 చట్టం ప్రకారం తప్పు.

అందుకని మా సంఘం మూడు తీర్మానాలు రాసుకుంది. కడుపుతో ఉన్న ప్రతి పిల్లనూ పరీక్ష అయిందా అని అడుగుతాం, ఫలితం అడగం. పుట్టింటికి పోయేటప్పుడు ఆస్పత్రి చీటీలన్నీ మూటలో పెట్టమంటాం. ఆస్పత్రి దారి ఖర్చుకు అప్పు అడిగితే పుస్తకంలో 'ఆరోగ్యం' అని మాత్రమే రాస్తాం, కారణం అడగం.

ఏ సందేహమున్నా 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. మీ సంఘాల్లోనూ ఈ మాట పెట్టండి అక్కా.