ఓటు తీర్పు – ప్రతినిధి ధర్మము
(రొంపిచెర్లలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నరసరావుపేట ప్రాంతమున జన్మించి రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు మనకందరకును సుపరిచితమే. వారు నిర్వహించిన పదవులను వల్లెవేసినంత మాత్రమున మనకు కలుగు లాభము స్వల్పము. ప్రజలు వారికి ఎప్పుడు ఓటిచ్చిరో, ఎప్పుడు నిరాకరించిరో పరిశీలించినచో, ఓటుతోనే పంచాయతీలో ప్రవేశించిన మనకు చక్కని పాఠము లభించును.

1909 జూలై 28న జన్మించిన రెడ్డిగారు న్యాయశాస్త్రము చదివిరి, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొనిరి. గుంటూరు జిల్లా బోర్డు సభ్యులుగా, అనగా మనవలెనే స్థానిక సంస్థలో, ప్రజాసేవ కలవాటుపడిరి. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైరి. తరువాత ఫిరంగిపురం నియోజకవర్గ ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. 1964 ఫిబ్రవరి 29న ముఖ్యమంత్రియై, ఏడున్నర సంవత్సరములు ఆ పదవిని నిర్వహించిరి.

వారి కాలముననే 1966లో తెలుగును అధికార భాషగా చేయు చట్టము వచ్చినది. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదల చేసిరి. వాననే నమ్ముకొన్న పల్నాటి మెట్టకు కుడికాలువ జీవనాధారమైనది. అయితే ఈ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసినవారు నెహ్రూగారు. కట్టినది వేలాది కూలీల చెమట. ఏ మేలును ఒక్కని ఖాతాలో వ్రాయరాదు.

1967 ఎన్నికలలో వారి నాయకత్వమున కాంగ్రెసుకు 287 స్థానములలో 165 లభించినవి. ఆ బలము చాలినదా? 1969లో ఉద్యోగములు, రక్షణల విషయమున తమకిచ్చిన హామీలు నెరవేరలేదని తెలంగాణ ప్రజలు ఉద్యమించిరి. 1971 లోక్‌సభ ఎన్నికలలో అచటి 14 స్థానములలో 10 తెలంగాణ ప్రజా సమితికి దక్కినవి. ఆ సెప్టెంబరులో రెడ్డిగారు పదవి విడిచిరి. సభలో లెక్క సరిపోయినను, ఒక ప్రాంతపు మనసు దూరమైనప్పుడు పాలన సాగదని దీనివలన తెలియుచున్నది.

తరువాత వారు కేంద్ర హోంమంత్రియైరి. 1975 నాటి అత్యవసర పరిస్థితి ఆ కాలముననే వచ్చినది. 1977లో నరసరావుపేట నుండి లోక్‌సభకు గెలిచిరి. ఇందిరాగాంధీతో విడిపోయిన కాంగ్రెసుకు వారు అధ్యక్షులుగా నున్నప్పుడు, 1978 శాసనసభ ఎన్నికలలో ఆ పక్షమునకు 294 స్థానములలో 30 మాత్రమే లభించినవి. మరల ఇందిరాగాంధీ పక్షమున నిలిచి, 1980లో నరసరావుపేట నుండియే గెలిచిరి. ఓటరు తన ఓటును ఎవ్వరికిని శాశ్వత దస్తావేజుగా వ్రాసియివ్వలేదు. 1988 నుండి 1990 వరకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన రెడ్డిగారు 1994 మే 20న దివంగతులైరి.

సభ్యులారా! 165 స్థానములు గల ప్రభుత్వమునకే వర్తించిన ధర్మము మన పంచాయతీకి వర్తింపదా? పదిమంది సభ్యులలో ఆరుగురు మనవైపున్నారని, ఓటు వేయని వార్డుకు కుళాయి నీరు ఆలస్యము చేయుట, వీధిదీపము మరచుట, మురుగుకాలువ తీయకుండుట తగునా? పన్ను కట్టునప్పుడు ఆ వీధివారు మనవారే, పనిచేయునప్పుడు పరాయివారెట్లగుదురు? పంచాయతీ ఎన్నికలలో పార్టీ గుర్తులు లేకుండుటకు అర్థమిదియే.

పంతములకు పోయి పల్నాడు ఏమి కోల్పోయినదో మనకొకరు చెప్పనక్కరలేదు. అన్ని కులములవారిని చాపకూటికి ఒకే పంక్తిన కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని కథయు ఈ గడ్డదే. గ్రామసభ జరుగునాడు మనకు ఓటు వేయనివారి వీధికి మనమే పోయి వారిని పిలుచుకొని వత్తము. వారి అర్జీని ముందు చదివింతము. గెలుపు మనకు అధికారము నిచ్చినది. ఓడినవారిని విస్మరించు హక్కును ఇవ్వలేదు.